పసుపులో సీసం: మా పాపకి 6.2 వచ్చింది, గుంటూరులో పిల్లాడి సంగతేంటి?

ఎడిసన్_అమ్మ

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మేం న్యూజెర్సీలో ఉంటాం. పాపకి పదమూడో నెల నడుస్తోంది. ఇక్కడ ఏడాది నిండినప్పుడొకసారి, రెండేళ్ళకి ఇంకోసారి పిల్లలందరికీ రక్తంలో సీసం ఎంతుందో చూడాలని రూలు. వేలికి గుచ్చి తీస్తే డెసిలీటరు రక్తానికి 7.1 మైక్రోగ్రాములు వచ్చింది. వేలు సరిగ్గా తుడవకపోయినా అలా వస్తుందిలే అన్నారు. నరం నుంచి మళ్ళీ తీశారు, 6.2. ఇక్కడ 3.5 దాటితే వదలరట. వారం తిరక్కముందే కౌంటీ నర్సు, ఆవిడ వెనకాల సీసాన్ని పట్టే తుపాకీ లాంటి మెషీన్ పట్టుకుని ఒకాయన దిగారు.

మా అపార్ట్‌మెంట్ 2004లో కట్టింది, గోడల్లో ఏమీ లేదు. కిటికీల్లో లేదు, బొమ్మల్లో లేదు. తర్వాత వంటింట్లోకొచ్చాడు. కాటుక బాగానే ఉంది (అత్తయ్య ఆముదం దీపం మీద పట్టింది). ఇత్తడి గిన్నె బాగానే ఉంది. పోపుల పెట్టెలో పసుపు గిన్నె మీద మెషీన్ పెట్టి ఒకసారి దాని వంక, ఒకసారి నా వంక చూశాడు. ఇంకోసారి పెట్టి చూశాడు. కొంచెం పొడి లాబ్‌కి తీసుకెళ్ళారు. గ్రాముకి 212 మైక్రోగ్రాములని తేలింది.

ఇది కొట్లో కొన్న పొడి కాదు. అన్నప్రాసనకి వచ్చినప్పుడు అత్తయ్య గుంటూరులో కొమ్ములు కొని, దగ్గరుండి మర పట్టించి, జల్లించి తెచ్చింది. "బయటి పసుపు వాడకండి, అన్నీ కల్తీలు" అని మరీ ఇచ్చింది. ఆరో నెల నుంచీ పాప పప్పన్నంలో అదే, నలుగులో అదే. జలుబు చేస్తే పాలలో కూడా అదే.

ఇంట్లో పట్టించినదాంట్లో సీసం ఎలా వస్తుంది? ఆ కొమ్ముల్లోంచే మా తోడికోడలు కూడా వాడుతోంది. వాళ్ళ బాబుకి రెండున్నరేళ్ళు. వాడికి టెస్టు చేయించమంటే మా బావగారు "మీ అమెరికా వాళ్ళకి అన్నీ భయాలే" అంటున్నారు. పైగా వాడు గోడ గీకి తింటాడు, రక్తం తక్కువని సిరప్ వాడుతున్నారు. అత్తయ్యకి ఈ మాట ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు. ఇంకో మాట: ఐక్యరాజ్యసమితి, డబ్ల్యూహెచ్‌ఓ అంటూ ఇన్ని ఉన్నాయి కదా, ఇలాంటివి వాళ్ళు పట్టించుకోరా?

ఉప్పుకారం_రాజు

మా తాతమ్మ తొంభై ఏళ్ళు పసుపు తినే బతికింది, పసుపు పూసుకునే తిరిగింది. అమెరికా మెషీన్లు మన వంటింటి మీద పెడితే అన్నీ విషాలే కనిపిస్తాయి. పసుపు మీద పేటెంట్ కొట్టేద్దామని చూసింది కూడా వాళ్ళే, మర్చిపోకండి.

పిల్లలడాక్టర్_తెనాలి

రాజుగారూ, మీ తాతమ్మగారు తిన్న పసుపు మీద నాకే అనుమానమూ లేదు. ఆవిడ పెరట్లో తవ్వుకున్నది తిన్నారు.

అమ్మా, ముందు పాప విషయం. 6.2కి మందులు అక్కర్లేదు. సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా 45 దాటితేనే వాడతారు. ఆ పసుపు ఆపేశారు కాబట్టి సగం వైద్యం అయిపోయినట్టే. ఇనుము, కాల్షియం సరిపడా అందేలా చూడండి. అవి తక్కువైన పిల్లల పేగు సీసాన్ని ఎక్కువగా పీల్చేసుకుంటుంది. మీ డాక్టరు చెప్పిన గడువుకి మళ్ళీ రక్తం చూపించండి. రక్తంలోది నెలల్లో తగ్గుతుంది, ఎముకలో చేరింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. "ఇంతవరకు పర్లేదు" అనే అంకె సీసానికి లేదని డబ్ల్యూహెచ్‌ఓనే అంటుంది, కాబట్టి ఏమీ కాదని నేను చెప్పను. కానీ ఏడాదికే పట్టుబడింది, అది మామూలు అదృష్టం కాదు.

పెద్దవాళ్ళు మింగిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే, పసిపిల్లలకి దాదాపు సగం పడుతుంది. అందుకే అదే పప్పు తిన్న మీకూ మీ ఆయనకీ ఏమీ తెలియలేదు.

గుంటూరు బాబు గురించి చదువుతుంటే నా సంగతే గుర్తొచ్చింది. 31 ఏళ్ళుగా పిల్లల్ని చూస్తున్నాను. "మట్టి తింటున్నాడండీ, సున్నం గీకి తింటున్నాడండీ" అని వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. నులిపురుగుల మందు, ఐరన్ సిరప్, నెల తర్వాత రండి. ఎప్పుడూ ఇదే రాశాను. ఒక్కడికంటే ఒక్కడికి కూడా సీసం పరీక్ష రాయలేదు. లాబ్ లేక కాదు, తోచక. మా చదువులో సీసం అంటే బాటరీ కార్ఖానా కూలీ, చిగుళ్ళ మీద నీలి గీత, వేలాడిపోయిన మణికట్టు. గోడ గీకే పిల్లాడికి రక్తహీనత ఉంటే, ఆ గోడ మీద సీసం కలిసిన పాత ఎనామిల్ పెయింట్ ఏమైనా ఉందా అని అడగాలని 2020లో తెలిసింది. ఆ ఏడాది యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఇచ్చిన రిపోర్టు చదివాను. ప్రపంచంలో ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే సుమారు 80 కోట్ల మందికి, డెసిలీటరు రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటి ఉందని వాళ్ళ అంచనా. అందులో మన దేశం వాటా 27.5 కోట్లు. ఆ 27.5 కోట్లలో నా క్లినిక్కి వచ్చినవాళ్ళు ఎంతమందో అని రెండు రోజులు నిద్ర పట్టలేదు.

పట్టించుకోరా అని అడిగారు. పట్టించుకున్నారు, కాకపోతే ఆ కథ నత్తనడక. 1997లోనే మయామీలో ఎనిమిది పెద్ద దేశాల పర్యావరణ మంత్రులు కూర్చుని, పిల్లల్ని సీసం నుంచి కాపాడతామని రాసుకున్నారు. పెట్రోల్ మాటే చూడండి. మన దగ్గర సీసం పెట్రోల్ 2000లో ఆగింది. 2002లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం దీని మీద పడేనాటికి ఇంకా వందకు పైగా దేశాల్లో పోస్తూనే ఉన్నారు. చివరి దేశం అల్జీరియా ఆపింది 2021లో. పందొమ్మిదేళ్ళు! అయినా అయిందిగా, అది చిన్న విషయం కాదు. రంగులకి కూడా అలాగే ఒక కూటమి ఉంది. మన ప్రభుత్వం ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని 2016లో రూల్ తెచ్చి, 2017 నవంబర్ నుంచి అమల్లో పెట్టింది. అప్పటికే తలుపులకీ కిటికీలకీ వేసేసిన రంగు మాత్రం అక్కడే ఉంది. సంక్రాంతికి పెయింటర్ సాండ్ పేపర్ పట్టి గీకితే ఆ దుమ్ము పడేది పాకే పిల్లల అరచేతుల కిందే.

నాకు నిజంగా నమ్మకం కలిగించింది మాత్రం బంగ్లాదేశ్. అక్కడ పల్లెటూళ్ళ గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువుంటే, ఎక్కణ్ణుంచని అక్కడి ఐసీడీడీఆర్‌బీ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి వెతుక్కుంటూ వెళ్ళారు. చుట్టుపక్కల బాటరీ కొట్లు లేవు, రంగులూ కావు. చివరికి పసుపు దగ్గర తేలింది. 1980లలో వరదలకి తడిసిన పసుపు నల్లబడితే, అమ్ముడుపోవడానికి సీసం ఉండే లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు పూయడం మొదలైందట. వరద పోయింది, అలవాటు మిగిలింది. 2019లో మార్కెట్ పసుపులో 47 శాతం నమూనాల్లో సీసం. అప్పుడు ఆహారభద్రతా అధికారులు మీ ఇంటికొచ్చిన లాంటి మెషీన్లే పట్టుకుని హోల్‌సేల్ బజార్ల మీద పడ్డారు, అక్కడికక్కడే జరిమానాలు వేశారు, అది టీవీల్లో చూపించారు, బజారు నిండా పోస్టర్లు అంటించారు. 2021కి సున్నా శాతం. రెండేళ్ళు! పెట్రోల్‌కి పట్టిన పందొమ్మిదేళ్ళ పక్కన పెట్టి చూడండి.

మన దేశంలోనూ వెతికారు. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లోని 23 నగరాల నుంచి నమూనాలు తీశారు. పట్నాలో కొన్ని గ్రాముకి 1000 మైక్రోగ్రాములు దాటాయి. మన చట్టం ఒప్పుకునేది 10. ఎక్కువ పట్టుబడింది విడిగా అమ్మే పాలిష్ కొమ్ముల్లో. ప్యాకెట్ పొడుల్లో తక్కువ. కాబట్టి "కొమ్ములైతే కల్తీ ఉండదు" అని మనం ఇన్నాళ్ళూ అనుకున్నది తిరగబడింది. దీంట్లో మీ అత్తగారి తప్పేమీ లేదు. ఆవిడ కల్తీకి భయపడే కొమ్ములు కొన్నారు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది చెప్పండి.

2024 సెప్టెంబరులో యూనిసెఫ్, యూఎస్ఎయిడ్ (విదేశాలకి సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) కలిసి సీసం లేని భవిష్యత్తు కోసమని పెద్ద కూటమి మొదలెట్టాయి. ఏడాది తిరక్కుండా యూఎస్ఎయిడే మూతబడింది. కాబట్టి జెనీవా నుంచో న్యూయార్క్ నుంచో ఎవరో వచ్చి మీ బావగారి కొడుక్కి సూది గుచ్చుతారని చూడకండి. విజయవాడ, గుంటూరుల్లో పెద్ద లాబ్‌లు "బ్లడ్ లెడ్" పరీక్షకి నరం రక్తం తీసుకుని పంపిస్తాయి. డబ్బులు కాస్త ఎక్కువే. ఇంట్లో ఎవరైనా బాటరీల పని చేస్తారా, పక్కన పాత బాటరీలు పగలగొట్టే షెడ్డు ఏమైనా ఉందా, అదీ కనుక్కోండి. సెనెగల్‌లో డకార్ పక్క పేటలో పద్ధెనిమిది మంది పిల్లలు చనిపోయింది ఆ బాటరీల మట్టి వల్లే, 2008లో.

కొమ్ములరైతు

అక్కా, మాది ఆర్మూర్ దిక్కు. మా తాత కాలం కెల్లి పసుపు పెడుతున్నం. కొమ్ముల సీసం ఎట్లొస్తదని అడిగినవ్ కద, నేను చెప్త.

పసుపు తవ్వినంక ఉడుకబెడ్తం, పది పదిహేను దినాలు ఎండబెడ్తం. అప్పుడు నువ్వు చూస్తే పసుపనే అనుకోవు. మట్టి రంగుల ముడతలు ముడతలు ఉంటది, ఎంట్రుకల్లెక్క వేర్లు. దాన్ని డ్రమ్ముల ఏసి తిప్పితే పొట్టు రాలి నున్నగైతది. గదే పాలిష్. ఆఖర్ల ఇంత పసుపుపొడే చల్లి తిప్పితే మెరుపొస్తది, దాంట్ల తప్పు లేదు. పొడి జాగల రంగు చల్లిన్రనుకో, ఆ రంగు కొమ్ము మీద తోలు లెక్క పడ్తది. నువ్వు మర పట్టిస్తే ఆ తోలు గూడ పొడైతది. మీ అత్తమ్మ పట్టిచ్చింది కొమ్ముతోని రంగును గూడ. మర తప్పు గాదు.

రైతు దగ్గర అట్ల చేసుడు నేనైతే చూడలే. చేతులు మారినంక ఏమైతదో మాకు తెల్వది. కానీ యార్డుల నిలబడి చూసిన. మెరిసే కుప్పకు ఒక రేటు, మెరవనిదానికి ఇంకో రేటు. కొనేటోళ్ళు మెరుపే అడుగుతరు. మొన్న 2025ల నిజామాబాద్‌కు పసుపు బోర్డొచ్చింది, మంచిదే. బోర్డోళ్ళు రేటు మాట్లాడుతున్నరు, మెరుపు సంగతి గూడ మాట్లాడాలె.

ఉప్పుకారం_రాజు

పేటెంట్ మాట వెనక్కి తీసుకోను. కానీ మా ఇంట్లో కూడా కొమ్ములే వాడతాం. చేతికి రాసుకుంటే రంగంటితే కల్తీ అనుకోవచ్చా?

పిల్లలడాక్టర్_తెనాలి

అనుకోలేం రాజుగారూ. పసుపు ఎలాగూ అంటుతుంది. కంటితో, చేతితో తేలేది కాదు, లాబ్‌లోనే తేలాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పాలిష్ కొమ్ములు మానేయండి.

ఎడిసన్_అమ్మ

మూడు నెలలైంది, ఏమైందో చెబుదామని వచ్చాను. పాపకి 3.9 వచ్చింది. నర్సు ఫోన్లో నాకంటే ఎక్కువ సంతోషపడింది.

డాక్టర్ గారు చెప్పినట్టే అత్తయ్యతో మాట్లాడాను. ముందు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే బాబుని ఎత్తుకుని, బావగారికి చెప్పకుండా ఆటోలో లాబ్‌కి వెళ్ళింది. 13.4. ఇప్పుడు బావగారే డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నారు. మిగిలిన కొమ్ములు బయట పారేస్తే ఎవరైనా ఏరుకుంటారని అత్తయ్య వాటిని డబ్బాలో పోసి, మూతకి టేపు చుట్టి, అటక మీద పెట్టిందట. ఫుడ్ సేఫ్టీ వాళ్ళకి ఇద్దామంటే, "ఆ కొట్టుకి పాతికేళ్ళుగా వెళ్తున్నా. మా వీధంతా అక్కడే కొంటుందే, వాళ్ళ పిల్లల మాటేంటి?" అంటోంది. ఫిర్యాదు ఎవరి పేరు మీద పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

కొమ్ములరైతు తమ్ముడూ, పాలిష్ పట్టని కొమ్ములు దొరుకుతాయా?

కొమ్ములరైతు

దొరుకుతయక్కా. మీ అత్తమ్మకు ఐదు కిలోలు పార్సిల్ ఏస్త, అడ్రస్ మెసేజ్ చెయ్యి. మట్టి ఉంటది, నల్లగ కనవడ్తది. రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టి పట్టియ్యమను. పైసలు ఆమె చూసినంకనే పంపియ్యిరి.