"యెవ్వని యందు డిందు": డిందు అంటే నశించడమా, అణగడమా?

శారద (తిరువాన్మియూరు): గజేంద్రమోక్షంలో ఎవ్వనిచే జనించు పద్యం రెండో పాదం పొద్దుట్నుంచి తినేస్తోంది, "యెవ్వని యందు" తర్వాత డిందు ఆ, కుందు ఆ? ఎందుకంటే పిల్లల పత్రికకి జెల్లీఫిష్ మీద రాస్తున్నా. ఆరీలియా అనే రకం ముందు రాయికి అతుక్కుని పాలిప్‌గా ఉంటుంది, తర్వాత పళ్ళేలు దొంతర పెట్టినట్టు ముక్కలై ఒక్కో పళ్ళెం విడిపోయి ఈదుకుంటూ వెళ్ళి గొడుగవుతుంది, అంటే మనం చూసే జెల్లీఫిష్. జన్యువులు రెంటిలోనూ అవే, పలికేవే (పనిచేసేవే) వేరు. పాలిప్‌లో పలికినవి కొన్ని గొడుగులో పలకవు. దానికి ఒక్క క్రియ కావాలి, డిందు పనికొస్తుందా?

మూర్తి (మైలాపూరు): డిందే. కుందు అంటే దుఃఖించడం, జగత్తంతా వెళ్ళి దేవుడిలో ఏడుస్తుందా? అయితే మీ పనికి రాదమ్మా, డిందు అంటే నశించు.

వేణు: నశించు ఎలాగండీ, జనించు, లీనమై ఉండు, డిందు, వరసగా సృష్టి స్థితి లయలు. లయం అంటే కలిసిపోవడం కదా. డిగ్గు, డిందు అక్కచెల్లెళ్ళని నా అనుమానం, రెండూ కిందికి దిగడమే.

మూర్తి: అనుమానాలతో నిఘంటువులు రాయరు బాబూ. 1885 నాటి శబ్దరత్నాకరం మా తాతగారి ప్రతి ఇంట్లోనే ఉంది, ఎప్పుడైనా రండి.

పద్మజ: ఛందస్సు తీర్పు చెప్పదు లెండి. ఉత్పలమాలలో డిం ఆరో అక్షరం, గురువైతే చాలు, కుం అయినా నడుస్తుంది. యతి యె కి పదో అక్షరం మే తో, పరమ+ఈశ్వర లో దాక్కున్న ఈ వల్ల కుదిరింది, చూశారా పోతన పనితనం! "డిందుఁ బరమేశ్వరుఁడు" అని ప కి సరళం బ వచ్చిన చోట నేను ప్రతిసారీ ఓ క్షణం ఆగిపోతా.

లక్ష్మి (తరమణి, ల్యాబ్): పాఠాలు చెప్తున్నాననుకోకండి. 2014లో జర్మనీలోని కీల్ శాస్త్రవేత్తల పేపరులో సీఎల్ 390 అనే జన్యువు, నీళ్ళు చల్లగా ఉన్నన్నాళ్ళూ పాలిప్‌లో దాని పలుకు పెరుగుతూ పోయి, హద్దు దాటాక పళ్ళేలు మొదలవుతాయి. అంటే చలికాలం ఎంతసేపు గడిచిందో లెక్కపెట్టే గడియారం లాంటిది. పలకనివి చావవు, ఊరికే ఉంటాయి. టురిటాప్సిస్ డోర్నీ అనే జెల్లీఫిష్ అయితే దెబ్బ తగిలితే గొడుగు నుంచి మళ్ళీ పాలిప్ అయిపోతుంది, పలకని జన్యువులన్నీ నశిస్తే వెనక్కి ఎలా వస్తుంది?

వేణు: అదే! డిందు అంటే అణగడమే, మళ్ళీ జనించడానికే.

మూర్తి: జెల్లీఫిష్‌తో పోతనకి వ్యాఖ్యానమా.

పద్మజ: బెసంట్ నగర్ బీచ్‌లో మొన్న ఇసకలో పడున్న జెల్లీఫిష్‌ని వేలితో ముట్టబోతే వలలు బాగుచేసుకుంటున్న ఆయన "సొఱి, సొఱి" అని అరిచాడు. బండి ఱ. తమిళంలో సొఱి అంటే దురద. మనకి ఱ పాత పుస్తకాల్లో మిగిలింది, వాళ్ళకి రోజూ రాసే రాతలో మిగిలింది.

వేణు: ఱ గురించి వేరే చర్చ పెట్టండి పద్మజగారూ, నేను పొద్దున్నదాకా రాస్తా!

శారద: పొద్దున్నే పంపాలి, "పలకడం మానేస్తాయి" అని రాసేశా.

మూర్తి: మానేస్తాయి అంటే వాటికి ఇష్టాయిష్టాలున్నట్టు లేదూ?