శ్రీకాకుళంలో రీఫ్ ట్యాంకు: బోరు నీళ్లకి వంటింటి ఆర్వో సరిపోతాదా?

నాగావళి_గట్టు:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం టౌన్‌లో ఉంటాం. 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), నాలుగో నెల నడుస్తోంది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని జోయాంథిడ్లు, ఒక లెదర్ కోరల్ (రెండూ పగడాల రకాలే) ఉన్నాయి. బోరు నీటి టీడీఎస్ (కరిగిన లవణాలు, లీటరుకి మిల్లీగ్రాముల్లో) 780, వంటింటి ఆర్వోలోంచి వచ్చేది 60. ఉప్పు కలపడానికీ అవే, ఆవిరైపోయినంత పొయ్యడానికీ అవే. ఫ్యాన్ తిరుగుతాది కాబట్టి రోజుకి 3 లీటర్ల దాకా పడతాయి. ఇసక మీద గోధుమరంగు పొర ఇవాళ తీస్తే రేపటికి మళ్లీ సిద్ధం. రాళ్ల మీద పచ్చ నాచు జుట్టులాగ పెరుగుతోంది. జోయాంథిడ్లు సగమే విచ్చుకుంటున్నాయి. ట్యాంకులో నైట్రేట్ 25, ఫాస్ఫేట్ 0.2 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు). మనం తాగే నీళ్లు కోరల్‌కి ఎందుకు పడవు? ఆర్వో మార్చాలా, ఏటి చెయ్యాలి? కళింగపట్నం వెళ్లి సముద్రం నీళ్లే తెచ్చుకుంటే తీరిపోతాదా?

కొబ్బరితోట:
ఆర్వో మార్చక్కర్లేదు తమ్ముడూ. ముందు ఆ 60 ఎక్కడ నుంచి వస్తోందో చూడు. మంచి మెంబ్రేన్ (ఆర్వోలో లవణాల్ని ఆపే పొర) 97 శాతం దాకా ఆపాలి. అంటే 780 నీటికి 25 దరిదాపుల్లో రావాలి. తాగేటప్పుడు చప్పగా ఉండకూడదని వంటింటి ఆర్వోల్లో కొంచెం పచ్చి బోరు నీటిని మళ్లీ కలుపుతారు. దాన్నే టీడీఎస్ కంట్రోలర్ అంటారు, చిన్న స్క్రూ ఉంటాది. కొన్ని మోడళ్లలో దాని బదులు మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటాది. రెండూ తాగేవాళ్లకి మంచివే, ట్యాంకుకి మాత్రం చేటు. స్క్రూ పూర్తిగా బిగించి, పావుగంట నీళ్లు వదిలేశాక టీడీఎస్ చూడు. అప్పటికీ 40 పైన ఉంటే మెంబ్రేన్ అరిగినట్టే.

ఇక ఆ 60 ఎందుకు ఎక్కువో లెక్క వేసుకో. ట్యాంకులోంచి ఆవిరయ్యేది ఒట్టి నీరే, అందులో కరిగినదంతా లోపలే ఉండిపోతాది. రోజుకి 3 లీటర్లు పోస్తే 180 మిల్లీగ్రాములు, ఏడాదికి 65 గ్రాముల పైన. అది ఉప్పే అయితే పెద్ద బాధ లేదు. కానీ బోరు నీటిలో సిలికా (ఇసకలో ఉండే పదార్థం), ఎరువులు పడే పొలాల పక్కనైతే నైట్రేట్ కూడా ఉంటాయి. మెంబ్రేన్ నైట్రేట్‌ని మిగతా వాటంత గట్టిగా ఆపలేదు. నీ గోధుమరంగు పొర డయాటమ్‌లనే సూక్ష్మ నాచు పని, వాటి గుల్ల కట్టుకోవడానికి సిలికానే కావాలి. ఇంకొకటి, టీడీఎస్ మీటరు కొలిచేది నీటిలో కరెంటు పారే గుణాన్ని. సిలికా దానికి సరిగ్గా దొరకదు. అందుకే 10 చూపించినా నమ్మొద్దు, సున్నా రావాలి.

సున్నా రావాలంటే ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టుకునే పూసలు) పెట్టాలి. మిక్స్‌డ్ బెడ్ రెజిన్, రంగు మారే రకం తీసుకో. ఎంత అరిగిందో కంటికి కనబడతాది. 10 అంగుళాల పారదర్శక హౌసింగ్‌లో రెజిన్ బిగుతుగా నింపి, నీరు కింద నుంచి పైకి వెళ్లేలా బిగించు. వదులుగా ఉంటే నీరు ఒక్క దారి చేసుకుని పోతాది, సగం రెజిన్ వాడకుండానే మిగిలిపోతాది. లీటరు రెజిన్ 25 పీపీఎం నీటికి సుమారు 1000 లీటర్లు పనిచేస్తాది. అదే 60 అయితే సగం కూడా రాదు. కంట్రోలర్ మూసేసినందుకు మొదటి లాభం ఇక్కడే.

పైపు ఎక్కడ కలపాలో అడుగుతావు కదా. మెంబ్రేన్ నుంచి మంచినీరు వచ్చే పావు అంగుళం గొట్టానికి, యూవీ, పోస్ట్ కార్బన్, మినరల్ వీటన్నిటి కంటే ముందు టీ జాయింట్ (మూడు నోళ్ల కనెక్టర్) పెట్టు. ఒక చివర వంటింటికి, రెండోది బాల్ వాల్వ్ మీదుగా డీఐకి. డబ్బా నింపేటప్పుడు వంటింటి వైపు మూసి డీఐ వైపు తెరువు. పంపు నడుస్తుండగా రెండూ ఒకేసారి మూయకు, మెంబ్రేన్‌కి వెనక నుంచి ఒత్తిడి పడి పాడైపోతాది. డీఐ తాగే నీళ్లకి కాదు, ఆ గొట్టం వంటింటికి వెళ్లకూడదు.

ఉప్పుగాలి:
కొబ్బరితోట అన్న చెప్పిన దానికి ఒకటి కలుపుతున్నాను. ఆర్వో ఆపి ఉంచి మళ్లీ వేసినప్పుడు మొదటి రెండు మూడు నిమిషాల నీటిలో టీడీఎస్ ఎక్కువగా ఉంటాది. ఆపి ఉన్నంతసేపూ లవణాలు మెంబ్రేన్ దాటి ఇవతలికి నెమ్మదిగా వచ్చేస్తాయి. ఆ నీటిని డీఐలోకి పంపితే రెజిన్ త్వరగా అయిపోతాది. వాల్వ్ డీఐ ముందరే ఉంది కాబట్టి మొదటి నీళ్లు వంటింటికి వదిలి తర్వాత తిప్పు. రోజుకో రెండు లీటర్లు కాకుండా వారానికి ఒకేసారి 60 లీటర్లు పట్టడం మంచిది.

ఎండాకాలం మధ్యాహ్నం పట్టకు. మేడ మీద నల్ల ట్యాంకు నీళ్లు వేడెక్కిపోతాయి. వేడి నీటికి మెంబ్రేన్ ఎక్కువ నీరిస్తాది గానీ ఉప్పు కూడా ఎక్కువ దాటనిస్తాది. తెల్లవారు జామున పట్టు.

మున్సిపల్ కుళాయి నీళ్లు వాడేవాళ్లకి వేరే సంగతి. టీడీఎస్ తక్కువే గానీ బ్లీచింగ్ వాసన ఉంటాది. క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేస్తాది, అడ్డుపడేది ముందున్న కార్బన్ ఫిల్టరే. క్లోరిన్ చూసే ఓటీఓ చుక్కల కిట్‌తో కార్బన్ తర్వాత వచ్చే నీటిని చూడు. పసుపురంగు కొంచెం కనిపించినా కార్బన్ మార్చు. వర్షాకాలంలో బురద నీళ్లు వచ్చినప్పుడు 5 మైక్రాన్ సెడిమెంట్ ఫిల్టర్ ముందే మూసుకుపోతాది. ఆర్నెల్లకోసారి అని లెక్క పెట్టుకుని కూర్చోకుండా రంగు చూసి తీసెయ్యి.

సముద్రం నీళ్ల గురించి. కళింగపట్నం దగ్గర వంశధార కలుస్తాది, అక్కడ ఒడ్డున పట్టుకుంటే నది నీళ్లే సగం. మన తీరంలో వానాకాలం తర్వాత, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఉత్తరం నుంచి ఉప్పు తక్కువ నీళ్లు దిగుతాయి, శాలినిటీ (కిలో నీటికి ఉప్పు గ్రాములు) 35 కంటే బాగా తగ్గుతాది. మార్చి నుంచి మే దాకా కొంత నయం. తేవాలంటే నది ముఖద్వారాలకీ, ఊరి కాలువలకీ, ఫ్యాక్టరీ గొట్టాలకీ దూరంగా, పడవ మీద అలలు విరిగే చోటు దాటి వెళ్లి పట్టాలి. డీజిల్ తెట్టె లేని వైపు ముంచు.

తెచ్చాక 1 మైక్రాన్ ఫెల్ట్ సంచిలో వడకట్టి, రొయ్యల హేచరీల వాళ్లు చేసినట్టు క్లోరిన్ పట్టించాలి. 20 లీటర్లకి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 4 మి.లీ. అంటే 10 పీపీఎం. సువాసన, సబ్బు కలిపినవి వద్దు. ఒక రోజు గాలి ఆడించాక మిగిలిన క్లోరిన్ కొలిచి, ప్రతి 1 మిల్లీగ్రాముకి 7 మిల్లీగ్రాముల సోడియం థయోసల్ఫేట్ వెయ్యి. ఓటీఓలో రంగు అస్సలు రాకపోతేనే ట్యాంకులోకి. శాలినిటీ 28 ఉంటే 20 లీటర్లకి సుమారు 150 గ్రాముల రీఫ్ ఉప్పు కలిపితే 35కి వస్తాది. ఇంత పని ప్రతి వారం చెయ్యడం కంటే ఉప్పు కొనుక్కోవడమే తేలిక అని నా అభిప్రాయం. వెళ్లినప్పుడు రాళ్లూ పగడాలూ మాత్రం ఏరొద్దు, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.

నాగావళి_గట్టు:
చాలా థాంక్స్ అన్నలూ. స్క్రూ బిగించాను, 60 కాస్తా 22కి దిగింది. రెజిన్ వచ్చేదాకా బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల డబ్బాలు వాడొచ్చా? ఏసీలోంచి కారే నీళ్లు కూడా టీడీఎస్ 8 చూపిస్తున్నాయి.

కొబ్బరితోట:
ఏసీ నీళ్లు వద్దే వద్దు. కాయిల్ రాగిది, పైన అల్యూమినియం రేకులు, దుమ్ము, బూజు. మీటరు 8 చూపించినా అందులో రాగి ఎంతో చెప్పదు. చేపలకి పెద్దగా తేడా తెలియకపోయినా, కోరల్‌కీ రొయ్యలకీ నత్తలకీ రాగి విషం. అందుకే నీళ్లు రాగి బిందెలో గానీ ఇత్తడి బిందెలో గానీ నిలవ ఉంచకు, ఇత్తడి కనెక్టర్లు కూడా డీఐ తర్వాత పెట్టకు. మూతున్న ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డబ్బాలే.

బ్యాటరీ నీళ్లు సీలు ఉన్న డబ్బా అయితే, టీడీఎస్ 0 లేదా 1 ఉంటే రెండు వారాలకి ఫర్వాలేదు. లూజుగా నింపి ఇచ్చేవి తీసుకోకు. అదే కొట్లో ఏసిడ్ కూడా అమ్ముతారు, డబ్బాలు కలిసిపోతాయి. 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులు కూడా పనికిరావు, రుచికి మినరల్స్ కలుపుతారు.

ఉప్పుగాలి:
ఉప్పు కలిపే తీరు కూడా సరిచూసుకో. నీటిలో ఉప్పు వెయ్యాలి, ఉప్పు మీద నీళ్లు పొయ్యకూడదు. అలా పోస్తే చిక్కదనం ఒక్కసారి పెరిగి కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లపొడిగా దిగిపోతాయి. 20 లీటర్లకి సుమారు 750 గ్రాములు, పవర్‌హెడ్ (నీటిని తిప్పే చిన్న పంపు) తిరుగుతుండగా కొద్దికొద్దిగా. బ్రాండుని బట్టి కొంత తేడా వస్తాది కాబట్టి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో 35 చూసుకో. ఆ రిఫ్రాక్టోమీటర్‌ని డీఐ నీటితో సున్నాకి సరిచేసి ఊరుకోకు. తూకం వేసి 36.5 గ్రాముల మెత్తుప్పు, 963.5 గ్రాముల డీఐ నీరు కలిపితే అది సరిగ్గా 35 చూపించాలి, చూపించకపోతే స్క్రూ అక్కడే తిప్పు. ఆవిరైన దానికి పోసేది మాత్రం ఒట్టి డీఐ నీరే, ఉప్పు నీరు కాదు.

ఇప్పుడున్న నాచుకి తొందరపడొద్దు. వారానికి 15 శాతం, అంటే 30 లీటర్లు మార్చు. నాలుగు వారాలకి పాత నీటిలో సుమారు సగం మిగులుతాది. జీఎఫ్ఓ మీడియా (ఇనుప ఆక్సైడ్ గుళికలు) ఫాస్ఫేట్‌తో పాటు సిలికాని కూడా పీల్చుకుంటాది. డీఐ నీటితో బాగా కడిగి, పాకెట్ మీద రాసిన దానిలో సగమే వెయ్యి. ఫాస్ఫేట్ 0.05 దగ్గరకి రాగానే తీసెయ్యి. సున్నాకి దించితే డయాటమ్‌లు పోయి డైనోఫ్లాజెల్లేట్లు (జిగట పొర కట్టే సూక్ష్మజీవులు) పట్టుకుంటాయి, అవి ఇంకా మొండివి.

నాగావళి_గట్టు:
రెజిన్ రంగు సగం మారితే మార్చాలా, చివరి దాకా వాడొచ్చా?

కొబ్బరితోట:
మూడొంతులు మారాక మీటరు సున్నా చూపిస్తున్నా మార్చు. రెజిన్ నిండిపోయే ముందు అంతదాకా పట్టి ఉంచిన సిలికాని మొదట వదిలేస్తాది, మీటరుకి అది తెలిసేలోపే ట్యాంకులో పొర కనబడతాది. అదీకాక, లెక్క ప్రకారం రావలసిన దానికంటే చాలా ముందే రెజిన్ అయిపోతుంటే బోరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువని అర్థం, మెంబ్రేన్ దాన్ని ఆపలేదు. అలాంటప్పుడు ఆర్వో నీటిని డబ్బాలో పట్టి ఒక రాత్రంతా గాలిరాయి పెట్టి ఆడించు, తెల్లారి చిన్న పంపుతో డీఐలోంచి పంపు.