ఎల్ఫ్ అమ్మాయి గడ్డపాయన్ని ఏమని పిలవాలి?

గ్రూపులో అందరికీ నమస్కారం. మేం ఇద్దరు ముగ్గురం కృష్ణానగర్‌లో డబ్బింగ్ రాతపని చేసుకునేవాళ్లం. ఒక ఫాంటసీ కథని తెలుగులో సినిమాగా తీస్తే ఎలా ఉంటుందా అని సరదాకి సీన్లు రాస్తున్నాం. అందులో ఒక ఎల్ఫ్ అమ్మాయి ఉంది, అంటే పాశ్చాత్య కథల్లో వందల ఏళ్లు బతికే అడవి జాతి పిల్ల. వయసు ఆరువందల ఏళ్లు, చూస్తే ఇరవై. వాగు మీద వంతెనకి కాపలా. దేన్నీ సీరియస్‌గా తీసుకోదు. అటుగా నడుం దాకా గడ్డం పెంచిన మరుగుజ్జు వీరుడొకడు మొహం ముడుచుకుని వస్తాడు. ఆమె నోట మొదటి మాట ఏం రావాలి? మావాడొకడు ‘ఓ వీరుడా, ఆగుము’ అని రాశాడు. అక్కడితో సరదా చచ్చిపోయింది. వయసూ వరసా తేలకుండా తెలుగులో ఎవరినీ పిలవలేం కదా. తాతా అనాలా, బాబూ అనాలా, ఏమోయ్ అనాలా?

*పద్యాల మాస్టారు:* ముందు ఎల్ఫ్‌కి తెలుగు పేరు పెట్టండి. యక్షిణి అంటే సరిపోదా?

*నేను:* యక్షిణి అంటే జనం తాయెత్తులు వెతుక్కుంటారు మాస్టారూ. ఎల్ఫ్ అన్నా పిల్లలందరికీ తెలుస్తుంది, అదే ఉంచేశాం. చిక్కంతా పిలుపు దగ్గరే.

*ఉప్పల్ నుంచి:* ఎల్ఫులంటే నెమ్మదిగా, గంభీరంగా మాట్లాడాలి కదండీ? ఈ వేళాకోళం నప్పుతుందా?

*నేను:* ఆ అభిప్రాయం సినిమాలు చూసి వచ్చింది. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ 1937లో అచ్చువేసిన ‘ది హాబిట్’ నవల తీసి చూడండి. రివెండెల్ లోయలో ఎల్ఫులు చెట్ల మధ్య నుంచి అర్థంపర్థం లేని పాటలు పాడతారు, వచ్చినవాళ్ల గడ్డాల మీద జోకులేస్తారు. ఆ నవల మీద తీసిన సినిమాల్లో, 2013లో వచ్చిన రెండోదానిలో పుస్తకంలో లేని టారియెల్ అనే ఎల్ఫ్ యువతిని కొత్తగా చేర్చారు గానీ, ఆమె ముందు యోధురాలు. పుస్తకంలోని ఆ వేళాకోళం నాకు ఆడగొంతులో, తెలుగులో కావాలి.

*ఉప్పల్ నుంచి:* అయితే 1990 నాటి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ దారి పట్టండి. శ్రీదేవి ‘మానవా’ అంటే చాలు, హాలంతా నవ్వింది.

*నేను:* అది మంచి పిలుపే. కానీ అందులో శ్రీదేవి వేసిన దేవకన్య ఇంద్రజకి భూలోకం కొత్త, ఆ తెలియనితనం లోంచి నవ్వు పుడుతుంది. మా అమ్మాయికి తెలియనిది లేదు. ఎదుటివాడి ముత్తాతని కూడా చూసింది. ఆమె నవ్వు అన్నీ చూసేసినవాళ్ల నవ్వు.

*పద్యాల మాస్టారు:* పిలుపు తర్వాత చూద్దాం. గొంతు చెప్పే అమ్మాయికి ఆ పాత్రని ఏమని వివరిస్తారు? చిలిపిదనా?

*నేను:* అక్కడే తలనొప్పి. స్క్రిప్టులో పక్కన ‘చిలిపిగా’ అని రాశామా, మైకు ముందు గొంతులో తేనె కారిపోతుంది, ప్రేమ సీను అయిపోతుంది. ‘అల్లరిగా’ అంటే పదేళ్ల పాప గొంతు వస్తుంది, ఎందుకంటే అల్లరి అన్నాక దాన్ని మందలించే పెద్దవాళ్లు కూడా కనిపిస్తారు. ఈవిడని మందలించేంత పెద్దవాళ్లు అడవిలో ఎవరున్నారు? గడుసు అంటే తన పని నెగ్గించుకునే మనిషి, పెంకి అంటే మాట వినని మనిషి. తుంటరి అంటే ఎవరికో ఒకరికి కాలో చెయ్యో విరిగి తీరుతుంది. కొంటె కాస్త దగ్గరగా ఉంది గానీ అందులోనూ ఒక ఓరచూపు ఉంది. చివరికి పక్కన ఏమీ రాయకుండా మాటల్లోనే పెట్టాలనుకున్నాం. ‘ఓస్’, ‘అబ్బో’, ‘పోనీలే’, ‘హవ్వ’, ‘కదూ’ లాంటివి. ఇంకో ఇరకాటం చూడండి, మనకి సహజంగా నోటికొచ్చేవి ‘అయ్యో రామ’, ‘ఓరి దేవుడా’. ఎల్ఫ్ పిల్ల నోట రాముడెలా వస్తాడు? ‘హవ్వ’ ఒక్కటీ చేతిలో ఉండటం అదృష్టం. అది ఆడవాళ్ల మాట, నోటి మీద చెయ్యి పెట్టుకునే సైగ కూడా అందులోనే ఉంది.

పిలుపుకి ప్రస్తుతం ఇలా రాశాను:

‘అబ్బాయ్! ఆ గడ్డం కాస్త పైకి పట్టుకో, వాగులో తడుస్తుంది. మీ ముత్తాతకీ ఇదే చెప్పాను, వింటేగా!’

ఇరవై ఏళ్ల పిల్ల ‘అబ్బాయ్’ అంటే పొగరు. ఆరువందల ఏళ్ల మనిషి అంటే బామ్మ పిలుపు. ముత్తాత మాట వచ్చేదాకా ప్రేక్షకుడు మొదటిదే అనుకుంటాడు.

*వరంగల్ చెల్లెలు:* అన్నా, హైదరాబాద్‌ల కూసొని రాస్తున్నరు, మా మాట గుర్తుకు రాలేదా? ‘ఏం పిలగా! గంత గడ్డం ఎందుకు పెంచినవ్? వాగుల తడుస్తది, జర పైకి పట్టుకో. మీ ముత్తాతను గూడ గిట్లనే దాటిచ్చిన.’

*నేను:* చెల్లీ, ‘పిలగా’ అబ్బాయ్ కంటే బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ ఒక షరతు. అడవిలో ఎల్ఫులందరూ, వాళ్ల రాణితో సహా, ఆ యాసలోనే మాట్లాడాలి. రాణికి పుస్తకాల తెలుగు, నవ్వించే పిల్లకి మాత్రం తెలంగాణ యాస అంటే నేను రాయను. మన సినిమాలు ఆ యాసని ఏళ్ల తరబడి రౌడీకీ కమెడియన్‌కీ కట్టబెట్టాయి. 2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి హీరోయిన్‌గా తన గొంతుతోనే ఆ యాస పలికాక ఎంతమంది మురిసిపోయారో తెలుసుగా.

*వరంగల్ చెల్లెలు:* రాణి గూడ మాట్లాడుతది, రాసియ్యనీకి నేనున్న.

*పద్యాల మాస్టారు:* పాటలు పాడే జాతి అన్నారు గనక ఆటవెలదిలో ఒకటి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి మూడే మాత్రలు కాబట్టి నడక దానంతటదే గంతులేస్తుంది.

గడ్డమంత పెంచి గాంభీర్యమేలనో
నిన్న పుట్టినట్టి నీకు, బాబు!
ఆరువందలేండ్ల యమ్మాయి నేనయ్య
నవ్వు మానలేదు నాటి నుండి

*నేను:* రెండో పాదం అద్భుతం మాస్టారూ, అలాగే తీసేసుకుంటున్నా. ‘యమ్మాయి’ దగ్గర మాత్రం యడాగమం వినపడగానే ఆమెకి నిజంగానే ఆరువందల ఏళ్లొచ్చేస్తున్నాయి.

*పద్యాల మాస్టారు:* పద్యంలో అచ్చు మీద అచ్చు వదిలేయమంటారా? నా వల్ల కాదు. పాడేటప్పుడు ఆ అమ్మాయి ‘అమ్మాయి’ అనేస్తే నేను విననట్టు ఊరుకుంటాను.

*ఉప్పల్ నుంచి:* అంతా బానే ఉంది గానీ ఆ గడ్డపాయన తిరిగి ఏమంటాడు?

*వరంగల్ చెల్లెలు:* ‘అమ్మమ్మా, దండం’ అంటడు.

*నేను:* ఇదే కావాలి! దేనికీ చలించని మనిషి ఈ ఒక్క మాటకి మొహం మాడ్చుకుని, వంతెన సుంకం రెట్టింపు అడుగుతుంది. సీను రాసి రేపు రాత్రికి ఇక్కడే పెడతాను.