గెలె కింద బాజు కురుంగ్: రెండు దేశాల కట్టు ఒకే బొమ్మలో కలపొచ్చా?

కుంచె_కబుర్లు
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ మూడో ఏడు చదువుతున్నాను. రెండు దేశాల సంప్రదాయ దుస్తుల నుంచి స్ఫూర్తి తీసుకుని ఒక ఫ్యాషన్ ఇలస్ట్రేషన్ వేయమన్నారు. చీటీలు తీస్తే నాకు నైజీరియా, మలేషియా వచ్చాయి. వాటర్‌కలర్‌లో వేసి ఇక్కడ పెట్టాను. ఫోన్‌లో తెరుచుకోని వాళ్ళ కోసం: సన్నగా పొడవుగా ఒక అమ్మాయి. తలకి పెద్ద గెలె, అంటే నైజీరియాలో ఆడవాళ్ళు వేడుకలకి కట్టుకునే తలగుడ్డ. మెడలో నాలుగు వరసల పగడాలు. ఒంటి మీద బాజు కురుంగ్, మలేషియా వాళ్ళ పొడుగు చొక్కా, కింద పావడాతో. బట్ట పసుప్పచ్చ సొంగ్కెట్, వాళ్ళ జరీ నేత. నడుముకి బెల్టు. కింద 'నైజీరియా ప్లస్ మలేషియా' అని రాశాను.

క్లాసులో చాలామంది బాగుందన్నారు. నా పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం "ఇది స్ఫూర్తి కాదు, దొంగతనం" అంది. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. మార్కుల సంగతి వదిలేసి చెప్పండి, ఇలా కలపొచ్చా?

అడ్డగీత
కలపొచ్చు. పద్నాలుగేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, కాగితం మీద బొమ్మకి పాస్‌పోర్టు అడిగినవాళ్ళు లేరు. తలమీద అంత పెద్ద ఆకారం, కింద నిటారుగా జారే బట్ట, ఆ తూకం చూడగానే పట్టుకుంది. నాకు గొడవంతా గీతతోనే. గెలెని మెత్తటి షిఫాన్ తలపాగాలా వేశారు. గెలె బిరుసుగా ఉంటుంది, మడత పెట్టిన కాగితంలా అంచులు నిక్కి నిలబడతాయి. మెత్తటి నీడలు తీసేసి ఒక్కో మడతకి ఒక గట్టి గీత, పక్కన ఒక ముదురు రంగు, అంతే.

బగాన్‌దతో_పిన్ని
అమ్మాయ్, నేను మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. మా తాతలు పేరాక్ రాష్ట్రంలో కొబ్బరి తోటల్లో పనికి వచ్చారు. గుడికి చీర, ఆఫీసుకి బాజు కురుంగ్. హైస్కూల్లో ఐదేళ్ళూ నా యూనిఫాం తెల్ల బాజు, నీలం కలిసిన ఆకుపచ్చ పావడా. కాబట్టి నీ బొమ్మ చూడగానే నా చెయ్యి నడుము బెల్టు దగ్గరికి పోయింది, తీసేద్దామని.

కురుంగ్ అంటేనే మూసి ఉంచడం. ఒంటి ఆకారం తెలియకూడదని ఆ కోత. చంక కింద కెకెక్ అని చిన్న చదరపు ముక్క, పక్కల పెసక్ అని కింద వెడల్పయ్యే ముక్కలు వేసి కుడతారు. అందుకే చొక్కా ఎక్కడా బిగుసుకోదు. నువ్వు నడుము దగ్గర చిదిమి కిందకి గౌనులా వదిలావు. ఇక పుచుక్ రెబుంగ్, అదే వెదురు మొలక త్రికోణాలు, చొక్కా నిండా చల్లేశావు. అవి వరసగా నిలబడే చోటు కింద కట్టే బట్టలో 'కెపాల' అనే పట్టీ. కొంగు డిజైన్ తీసుకెళ్ళి జాకెట్టు వీపు మీద అతికించినట్టుంది.

ఆ పసుపు సంగతి కూడా వినుకో. మలయ్ రాజవంశాల రంగు అది. రాజప్రాసాదంలో వేడుకకి వెళ్ళేవాళ్ళు పసుపు కట్టరు.

కుంచె_కబుర్లు
పిన్నీ, పసుపు సంగతి నిజంగా తెలీదు. పిన్‌టరెస్ట్‌లో బాగుందని వేశాను. బెల్టు కూడా మా క్రోకీకి, అంటే బట్టలు వేసి చూపించడానికి గీసే మనిషి బొమ్మకి, నడుము కనబడాలని పెట్టినదే.

అడ్డగీత
అసలు చిక్కు అక్కడే ఉంది. మామూలు మనిషి ఏడున్నర తలల పొడవు. ఫ్యాషన్ బొమ్మని తొమ్మిది తలలకి సాగదీస్తాం, నడుము చిక్కిస్తాం, కాళ్ళు పెంచుతాం. ఐరోపాలో గౌన్లు అమ్మడానికి పుట్టిన కొలత అది. అందులోకి బాజు కురుంగ్‌ని దూర్చడం అంటే చీర కట్టిన మనిషికి ప్యాంటు కొలత తీసినట్టే. మీరు మూడో దేశాన్ని కూడా కలిపారు, అది మీరు గమనించలేదు.

పోర్ట్‌హార్కోర్ట్_రిటర్న్
ఆయిల్ కంపెనీ పని మీద పదకొండేళ్ళు నైజీరియా దక్షిణాన పోర్ట్ హార్కోర్ట్‌లో ఉన్నాను. నా అభ్యంతరం ఆ కింద రాసిన మాట మీద. 'నైజీరియా' అని ఒక డ్రెస్ లేదమ్మా. రెండొందల యాభైకి పైగా జాతులున్నాయి. గెలె యోరుబా వాళ్ళది. దాంతోపాటు ఇరో అని చుట్టుకునే బట్ట, బూబా అని వదులు చొక్కా, ఇపెలె అని భుజమ్మీద వేసుకునేది, ఇవన్నీ కలిస్తేనే కట్టు పూర్తవుతుంది. పగడాల వరసలంటే ముందు నైజీరియాలోనే ఉన్న బెనిన్ రాజదర్బారు గుర్తొస్తుంది, అది ఎడో అనే ఇంకో జాతి వాళ్ళది. ఎవరైనా గద్వాల చీరకి రాజస్థాన్ తలపాగా, నాగాలాండ్ పూసలు తగిలించి కింద 'ఇండియా' అని రాస్తే మనం ఊరుకుంటామా?

ఇంకోటి. వేడుకల గెలెకి వాడే అసో ఒకె బట్టని సన్న మగ్గం మీద నాలుగంగుళాల పట్టీలుగా నేస్తారు. తర్వాత అంచుకి అంచు కుడతారు. దగ్గర్నుంచి చూస్తే నాలుగంగుళాలకో కుట్టు కనిపిస్తుంది. మీ బొమ్మలో ఒక్క కుట్టూ లేదు.

ఎదురుప్రశ్న
అందరూ కొలతలూ కుట్లూ అంటున్నారు, ఆ అమ్మాయి అడిగింది వేరు. 'వాళ్ళది' అని మీరు గీసే గీత ఎక్కడ మొదలవుతుంది? ఇవాళ నైజీరియా అనగానే అందరికీ గుర్తొచ్చే అంకారా ప్రింటు ఎక్కడిది? జావా బాతిక్‌ని, అంటే మైనం పూసి రంగు అద్దే బట్టని, డచ్చివాళ్ళు మిషన్ మీద కాపీ కొట్టారు. నెదర్లాండ్స్‌లోని హెల్మొండ్‌లో 1846లో మొదలైన వ్లిస్కో కంపెనీ ఇప్పటికీ ఆ బట్టే అమ్ముతోంది. పశ్చిమ ఆఫ్రికా దాన్ని సొంతం చేసుకుంది. కలపడం తప్పయితే ముందు ఆ బట్టకే శిక్ష వేయాలి.

బగాన్‌దతో_పిన్ని
జావా ఇండోనేషియాలో ఉంది బాబూ, మలేషియాలో కాదు. ఆ తేడా ఇక్కడ చాలా పెద్ద గొడవ. బాతిక్ ఎవరిదని రెండు వైపులా ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటారు.

ఎదురుప్రశ్న
ఒప్పుకుంటున్నా. అయినా నా ప్రశ్న అలాగే ఉంది.

పోర్ట్‌హార్కోర్ట్_రిటర్న్
కలపడం తప్పని నేననలేదు. నైజీరియాలోని లాగోస్‌లో షాడె థామస్-ఫామ్ అనే డిజైనర్ 1960లో దుకాణం తెరిచి, చుట్టుకునే ఇరోకి జిప్పు పెట్టింది, గెలెని ముందే కట్టి టోపీలా తగిలించుకునేట్టు చేసింది. ఆఫీసుకి టైమవుతున్న ఆడవాళ్ళ అవసరం ఆమెకి తెలుసు. మరి 2017లో ప్యారిస్‌లో బ్రిటిష్ డిజైనర్ స్టెల్లా మెకార్ట్‌నీ షోలో అంకారా గౌన్లు వచ్చినప్పుడు ఎందుకు తిట్టారు? లాగోస్ వీధిలో ఏ టైలరు దగ్గరైనా దొరికే కుట్టు అది. దాన్ని ఎక్కువగా తెల్ల మోడళ్ళకి తొడిగి కొత్త సరుకులా చూపించారని.

చీరాల_రుమాలు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, ఇక ఉండబట్టక రాస్తున్నా. మాది చీరాల దగ్గర. తాతయ్య నైజీరియాకే నేశాడు. నమ్మరు గానీ నిజం. గళ్ళ నూలు బట్ట, ఎరుపూ నీలం మీద తెల్ల గీతలు. ఎగుమతి కాగితాల మీద 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని పేరు, ఇంట్లో మాత్రం రుమాళ్ళే. చేతిరుమాలు కాదు, కట్టుకునే బట్టే. షావుకారు వచ్చి ఇన్ని గళ్ళు, ఈ రంగు అని చెప్పేవాడట. తాతయ్య ఆఫ్రికా మొహం చూడలేదు, కానీ అక్కడ కొనేవాళ్ళు ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారని మాత్రం చెప్పేవాడు. రంగుకీ నూనెకీ గంజికీ కలిసి ఒక వాసన వచ్చేది, అది లేకపోతే నకిలీ అనేవాళ్ళట. తర్వాత తర్వాత ఆ ఎగుమతి పడిపోయింది, మగ్గాలు వేరే సరుక్కి తిరిగాయి. మా ఇంట్లో ఒక్క రుమాలు మిగిలింది, ట్రంకుపెట్టె అడుగున. ఇవాళ తీసి చూశాను. వాసన పోయింది, కలరా ఉండల కంపే మిగిలింది.

అడగాలనుకున్నది ఒకటే. సార్, అక్కడ ఆ బట్టని ఏం చేసేవాళ్ళు?

పోర్ట్‌హార్కోర్ట్_రిటర్న్
బాబూ, ఎంత మంచి ప్రశ్న అడిగావు! పోర్ట్ హార్కోర్ట్ పక్కనే కలాబరి అనే జాతి వాళ్ళ ఊళ్ళు, బుగుమా అన్నీ. వాళ్ళు మీ రుమాలుని ఇంజిరి అంటారు. పుట్టిన బిడ్డని అందులో చుడతారు. పెద్దవాళ్ళు పోతే శవాన్ని ఉంచే మంచాన్ని ఆ బట్టలతో అలంకరిస్తారు.

ఇంకా ఉంది, కానీ నువ్వు కోప్పడకూడదు. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ తల్లి ఇంటికి వెళ్ళాను. ముసలావిడ వసారాలో కూర్చుని, గళ్ళ బట్ట ఒళ్ళో పరుచుకుని, సూదితో ఒక్క తెల్లపోగు పైకి లేపి బ్లేడుతో కోసింది. ఇంకో చోట కోసింది. తర్వాత రెండు వేళ్ళతో ఆ పోగుని మెల్లగా లాగేసింది. అలా లేతరంగు పోగులు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ముదురు పోగులు మాత్రం మిగిలి కొత్త డిజైన్ తేలుతుంది. వెలుగుకి ఎత్తి పట్టుకుంటే లేసులా ఉంది. దాన్ని పెలెటె బిటె అంటారు, పోగులు కోసిన బట్ట అని. ఆడవాళ్ళు ఒకదాని మీద ఒకటి రెండు బట్టలు చుట్టుకుంటారు, పైది పొట్టిగా, కిందది పొడుగ్గా.

చీరాల_రుమాలు
నేసిందాన్ని కోస్తారా? ఒక్క పోగు తెగితే తాతయ్య మగ్గం ఆపి ముడేసేవాడు సార్.

(పది నిమిషాల తర్వాత మళ్ళీ రాస్తున్నా.) ఇంట్లో నాన్నకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎన్ని పోగులు లాగినా బట్ట చిరగలేదంటే నేత గట్టిదేగా" అన్నాడు.

బగాన్‌దతో_పిన్ని
ఇప్పుడు నాది వినండి. మా నాన్న సాయంత్రం పని నుంచి వచ్చి స్నానం చేసి కట్టుకునేది గళ్ళ లుంగీ. ఇక్కడ దాని పేరు కైన్ పెలికాట్. మలయ్ మగవాళ్ళు ఇంట్లో కట్టుకుంటారు, మసీదుకీ కట్టుకెళ్తారు. పెలికాట్ అంటే పులికాట్! సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రాలో, ఊరు తమిళనాడులో. 1613లో డచ్చివాళ్ళు ఆ ఊళ్ళో గెల్డ్రియా కోట కట్టుకుని ఈ తీరం బట్టలు మా వైపు ఓడల్లో పంపారు. యాభై ఏళ్ళు ఆ మాట పలుకుతూ నాకు మొన్నమొన్నటి దాకా తట్టలేదు.

కుంచె_కబుర్లు
ఒక్క నిమిషం. అంటే నాకు చీటీలో వచ్చిన రెండు దేశాలూ మన కోస్తా గళ్ళ బట్ట కట్టుకున్నాయా? అయితే బొమ్మలో నా వాటా కూడా ఉన్నట్టే కదా!

ఎదురుప్రశ్న
అదిగో, భయపడ్డదే అయింది. ఇంతసేపూ కలపమని మీ తరఫున వాదించాను, ఇప్పుడు ఎదురు తిరుగుతున్నా. నూలు మనదైతే పెలెటె బిటె మనదైపోదు. జోన్ ఐకర్, టోన్యె ఎరెకొసిమా అనే పరిశోధకులు ఈ కలాబరి బట్టలనే చూసి నాలుగు మెట్లు చెప్పారు: పరాయి వస్తువుని ఎంచుకోవడం, దానికి తమ భాషలో పేరు పెట్టడం, తమ జీవితంలో చోటివ్వడం, చివరికి దాన్నే మార్చేయడం. కలాబరి వాళ్ళు నాలుగూ ఎక్కారు. మీ బొమ్మ మొదటి మెట్టు మీద ఉంది. ఎంచుకున్నారు, అది కూడా చీటీ తీసి.

అడ్డగీత
మాట గట్టిగా ఉన్నా నిజమే. అయితే ఒక విద్యార్థి బొమ్మ నాలుగు మెట్లూ ఎక్కాలా? పేరు సరిగ్గా రాసి, కోత సరిగ్గా వేస్తే నాకు చాలు.

పోర్ట్‌హార్కోర్ట్_రిటర్న్
నాకు చాలదు. పగడాలు తీసేయాలి.

కుంచె_కబుర్లు
రెండు రోజులు పట్టింది. కొత్తగా పెన్సిల్ స్కెచ్ వేశాను. తొమ్మిది తలలు వదిలేసి ఎనిమిదికి దించాను, బెల్టు లేదు, పసుపు లేదు, పగడాలు లేవు. గెలె కూడా తీసేశాను, చాలా బాధపడుతూ. పైన బాజు కురుంగ్, భుజం నుంచి నేరుగా కిందకి, చంక దగ్గర చదరపు ముక్క కుట్టు కనిపించేలా. కింద పావడా బదులు రెండు గళ్ళ బట్టలు: లోపల పొడుగ్గా కైన్ పెలికాట్, పైన పొట్టిగా పెలెటె బిటె. పక్కన ఒక్కో బట్టకి దాని పేరు, ఎవరిదో రాశాను. మగవాళ్ళ కైన్ పెలికాట్ అమ్మాయికి వేశానని తెలుసు పిన్నీ, అది కావాలనే. చీరాల బాబు గారూ, మీ రుమాలు ఫోటో చూసి గళ్ళు లెక్కపెట్టి వేశాను. మా పక్క అమ్మాయికి చూపిస్తే "ఇంకా ఆలోచిస్తున్నా" అంది.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, కోసిన పోగుల చోట కింది బట్ట కనబడాలి. తెల్ల జెల్ పెన్‌తో గీస్తే పైన అతికించిన లేసులా వస్తోంది.

అడ్డగీత
తెల్ల పెన్ను పక్కన పడేయండి. లాగేసిన చోట ఏమీ గీయకూడదు. ముందు లోపలి లుంగీ గళ్ళు లేతగా వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఆ మీద సున్నా నంబరు కుంచెతో పై బట్ట ముదురు పోగులు మాత్రం ఒక్కొక్కటే లాగండి. మధ్యలో తీసేసిన చోట్లు వాటంతటవే తేలతాయి. ముసలావిడ ఎంతసేపు కూర్చుందో మీరూ దాదాపు అంతసేపు కూర్చోవాలి.

బగాన్‌దతో_పిన్ని
నాకు ఆ లుంగీ ఇంకా అబ్బాయి లుంగీలాగే కనిపిస్తోంది. ఆ ముడి ఎటు వేశావో దగ్గర్నుంచి ఫోటో పెట్టు, అప్పుడు చెబుతా.