బోర్డో మిశ్రమం అడుగున పేరుకుంటోంది

ప్రశ్న: మొక్కల శిలీంధ్ర తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం చేస్తున్నాను. పది లీటర్ల నీళ్లకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు. గంటకే అడుగున పేరుకుంటోంది, కొట్టిన ఆకులూ మాడుతున్నాయి. తప్పెక్కడ?

జవాబు 1: కలిపే వరుస చూసుకోండి. ప్లాస్టిక్ బకెట్లో 5 లీటర్ల నీళ్లలో తుత్తం కరిగించండి. మరో 5 లీటర్లలో సున్నం నానబెట్టి, వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. తుత్తం నీళ్లనే సున్నంలోకి సన్నని ధారగా పోస్తూ కలియబెట్టాలి. వేడిమీద కలిపితే రేణువులు ముతకబారి దిగిపోతాయి.

జవాబు 2: మాడటం మాత్రం సున్నం చాలకే. గాలి తగిలి పాతబడ్డ సున్నం కార్బొనేట్‌గా మారుతుంది, తూకం సరిపోయినా బలం ఉండదు. మెరిసే ఇనుప మేకు ఒక నిమిషం ముంచండి. ఎర్రటి పూత పడితే కరిగిన రాగి ఇంకా మిగిలినట్టే. పూత ఆగేదాకా సున్నపు నీళ్లు కలపండి.

జవాబు 3: అందుకే ఇనుప డ్రమ్ము వద్దు, రాగి దానికే అంటుకుంటుంది. కలిపిన రోజే కొట్టేయండి.