ఒక్లహోమా ల్యాండ్ రన్‌లో పంచింది ఎవరి భూమి?

పాతమ్యాపులు:
1889 ఏప్రిల్ 22, మధ్యాహ్నం 12. అమెరికాలోని ఒక్లహోమాలో తుపాకీ పేలగానే దాదాపు 50 వేల మంది గుర్రాల మీద, బండ్ల మీద, రైళ్లలో దూసుకెళ్లారు. ముందు చేరి గుర్తు పాతినవాళ్లకు 160 ఎకరాలు. దీన్ని కబ్జా అనడానికి నాకు మనసొప్పదు. ఆ 20 లక్షల ఎకరాలు అక్కడి మూలవాసుల్లో ఏ తెగకూ కేటాయించనివి. వచ్చినవాళ్లలో చాలామందికి సొంతంగా సెంటు భూమి లేదు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలూ ఉన్నాయి.

ఏటిగట్టు:
కేటాయించనివి ఎలా అయ్యాయండీ? అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం చేరారని 1866లో క్రీక్, సెమినోల్ తెగలతో బలవంతంగా ఒప్పందాలు రాయించుకున్నారు. ఆ భూమి అలా చేతులు మారిందే. క్రీక్‌లకు ఎకరాకు 30 సెంట్లు (డాలర్‌లో వందో వంతు ఒక సెంటు), సెమినోల్‌లకు 15. ఆ సెమినోల్‌లే తమకు ఉండటానికి 2 లక్షల ఎకరాలు సర్కారు దగ్గర కొనుక్కోవాల్సి వచ్చింది, ఎకరా 50 సెంట్లకు! ఈ లెక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పైగా తీసుకున్నది వేరే తెగలకు ఇళ్లిస్తామని చెప్పి.

పాతమ్యాపులు:
15కి అమ్మి 50కి కొన్న సంగతి నాకు తెలియదు, అది అన్యాయమే. కానీ 1889లో సర్కారు మళ్లీ డబ్బు కట్టింది కదా? క్రీక్‌లకు దాదాపు 23 లక్షల డాలర్లు, సెమినోల్‌లకు 19 లక్షలు.

ఏటిగట్టు:
కట్టింది నిజమే. కానీ అప్పటికే పదేళ్లుగా ఆ భూమిలో స్థిరపడాలని డేవిడ్ పేన్ లాంటివాళ్లు గుంపులుగా వచ్చి గుడారాలు వేయడం, సైన్యం వెళ్లగొట్టడం, మళ్లీ రావడం. అంత ఒత్తిడిలో అమ్మినదాన్ని ఇష్టపూర్వకం అనలేం. తెగలను పడమటికి తరలించే 1830 చట్టం తర్వాత ఈ తెగలను సొంత ఊళ్ల నుంచి తరిమి అక్కడికి తెచ్చింది కూడా ఆ సర్కారే. ఆ తరిమివేతలో చెరోకీ అనే తెగవాళ్లే సుమారు 4 వేల మంది చనిపోయారని అంచనా.

మూడోబెంచి:
ఇద్దరూ 1889 దగ్గరే ఆగారు. 1905లో ఇప్పటి ఒక్లహోమా తూర్పు భాగంలోని తెగలు మస్కోగీ పట్టణంలో సమావేశమై, సెకోయా పేరుతో తమకో రాష్ట్రం కావాలని రాజ్యాంగం రాసుకున్నాయి. ప్రజలు ఓటేసి ఒప్పుకున్నారు, కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) పట్టించుకోలేదు. 1907 నవంబర్ 16న తూర్పు, పడమటి భాగాలు రెండూ కలిపి ఒక్లహోమాను 46వ రాష్ట్రం చేశారు. నాకు ల్యాండ్ రన్ కన్నా ఇదే పెద్ద ద్రోహం. క్రీక్ రిజర్వేషన్‌ను, అంటే ఆ తెగకు కేటాయించిన ప్రాంతాన్ని, కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదని 2020లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ల్యాండ్ రన్ భూములు మాత్రం అందులోకి రావు, అవి పడమటివి.

పాతమ్యాపులు:
సెకోయా విషయంలో మీతో వాదించను. ఆ రాజ్యాంగం దొరికితే చదవాలనుంది.