పెచ్చులు ఊడుతున్న స్లాబు: ప్యాచ్ వేస్తే చాలా, కొట్టేసి కొత్తది వేయాలా?

మేడమీద (ప్రశ్న)

ఇల్లు కట్టి 31 ఏళ్ళయింది. పై అంతస్తులో ఒక గదిలో స్లాబు పెచ్చులు ఊడుతోంది. మొదట అరచేతంత ముక్క రాలింది, మొన్న పళ్ళెమంత. రెండు చువ్వలు బయటపడ్డాయి, ఎర్రగా తుప్పు. వాన పడితే ఒక మూల కురుస్తుంది కూడా. ఒక మేస్త్రి వచ్చి "గీకి సిమెంటు పూస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఇంకొకాయన "దీని పనైపోయింది, కొట్టేయండి" అన్నాడు. ఇద్దరూ కలిపి గదిలో పది నిమిషాలు కూడా లేరు. స్లాబు మార్చాల్సిన టైము వచ్చిందో లేదో దేన్ని చూసి చెప్పాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పాతసుత్తి

పాత స్లాబుల రిపేర్లే నా పని, 26 ఏళ్ళుగా. వయసును బట్టి తీర్పు చెప్పేవాళ్ళ మాట వినకండి. 12 ఏళ్ళకే పాడైన స్లాబులు చూశాను, 50 దాటినా చెక్కుచెదరనివీ చూశాను.

ముందు రాలింది ప్లాస్టరా, కాంక్రీటా చూడండి. ముక్క చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. ఇసుక, సిమెంటు మాత్రమే ఉండి బిళ్ళలా పలచగా ఉంటే ప్లాస్టరు. కంకర కనిపిస్తే రాలుతున్నది స్లాబే. మీకు చువ్వలే బయటపడ్డాయి కాబట్టి ఆ అనుమానం కూడా అక్కర్లేదు.

కొత్త కాంక్రీటుకి క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12.5 పైమాటే. ఆ క్షారం ఉన్నంతకాలం లోపలి ఇనుముకి మామూలుగా తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి దిగుతూ దాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి పడిపోయిన పొర చువ్వదాకా చేరిందంటే ఇక చెమ్మ తగలడమే ఆలస్యం. తుప్పు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. మీ గదిలో జరుగుతున్నది అదే.

ఇప్పుడు చేయాల్సింది: చిన్న సుత్తి, సుద్దముక్క, నెత్తికి హెల్మెట్, కళ్ళకి అద్దాలు. స్లాబంతా జానెడు జానెడు దూరంలో మెల్లగా తట్టండి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా మోగితే అక్కడ లోపల పొర విడిపోయింది, పైకి ఏమీ కనిపించకపోయినా సరే. అలాంటి చోటల్లా సుద్దతో చుట్టూ గీయండి. అయ్యాక కింద నిలబడి చూస్తే ఎంతభాగం పోయిందో మీకే తెలుస్తుంది.

చుక్కచుక్క

ఆ గదిలో ఎవరు పడుకుంటారు?

నాలుగ్గోడలు

తట్టండి, గీయండి, ఆ తర్వాత కొట్టేయండి. ఈ పాట నాకు కంఠతా వచ్చు.

ఆరేళ్ళ కింద మా ఇంట్లో తుప్పు మరకలు కనిపిస్తే ఒక కాంట్రాక్టరు సరిగ్గా ఇలాగే సుత్తితో వచ్చాడు. ఠక్ ఠక్ మని కొట్టి, మొహం అదోలా పెట్టి, "ఇందులో పిల్లల్ని పడుకోబెడుతున్నారా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఆవిడకి నిద్ర కరువైంది. స్లాబు కొట్టించాం. కొట్టాక ముక్కల్లోంచి తీసిన చువ్వలు నా చేత్తో పట్టుకుని చూశాను. నూటికి తొంభై నున్నగా, నీలంగా మెరుస్తున్నాయి. పాడైంది నీళ్ళు దిగిన ఒక మూల మాత్రమే. ఈలోపు వానలు మొదలయ్యాయి, నెలన్నరపాటు అయిదుగురం ఒక్క గదిలో ఉన్నాం. ఆ పాత స్లాబు పోసినప్పుడు నాన్న పొద్దునా సాయంత్రం తానే నీళ్ళు పట్టాడు. అది వేరే సంగతి.

మేడమీద గారూ, ముందు పైనుంచి నీళ్ళు ఆపండి. నీళ్ళు ఆగితే తుప్పు ఆగుతుంది. మేడ మీద గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టి రెండు రోజులు చూడండి, ఎక్కడ దిగుతోందో తెలిసిపోతుంది. అక్కడ వాటర్‌ప్రూఫింగ్ పొర వేయించండి. అంతే.

పాతసుత్తి

కొట్టేయమని నేనెక్కడ అన్నానండీ? పై పోస్టు మళ్ళీ చదవండి.

నాలుగ్గోడలు

అనక్కర్లేదు. తట్టడం మొదలుపెడితే చివరికి అక్కడికే వస్తారు.

లెక్కలపంతులు

నీళ్ళు నిలబెట్టే సలహా మీద ఒక చిన్న లెక్క. 10 సెంటీమీటర్ల లోతు నీళ్ళు అంటే చదరపు మీటరుకు 100 కిలోలు. 3 మీటర్లు, 4 మీటర్లు ఉన్న గది మీద 1,200 కిలోలు. మనుషులు తిరిగే మేడకి డిజైన్‌లో సాధారణంగా లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోల దరిదాపు. మంచి స్లాబుకి ఆ 100 కిలోలు ఒక లెక్క కాదు. చువ్వలు తిన్న స్లాబు మీద, కింద మనుషులుండగా ఆ ప్రయోగం చేయకండి. నీళ్ళగొట్టంతో ఒక్కో భాగం తడిపి, గంటసేపు ఆగి కింద చూసుకున్నా జాడ దొరుకుతుంది.

పొర మీద పొర సంగతి కూడా అంతే. 5 సెం.మీ. సిమెంటు పొర చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది. నీళ్ళయితే పోతాయి, పొర అక్కడే ఉంటుంది. చాలా ఇళ్ళలో కురిసిన ప్రతిసారీ ఒక పొర వేస్తూ పోతారు. మేడమీద గారూ, మీ మేడ మీద ఇప్పటికి ఎన్ని పొరలున్నాయి?

మేడమీద

రెండు ఉన్నాయండి. మూడోది వేయించాలా అని ఆలోచిస్తున్నాను. నాలుగ్గోడలు గారు చెప్పింది సబబుగా అనిపిస్తోంది. సుత్తి సంగతి వీలు చూసుకుని చేస్తాను.

చుక్కచుక్క

ఆ గదిలో ఎవరు పడుకుంటారని అడిగాను.

నాలుగ్గోడలు

సుత్తి శబ్దం అనేది కొట్టేవాడి చెవిని బట్టి ఉంటుంది. దానికంటే రీబౌండ్ హ్యామర్ అని మిషను ఉంది, స్విట్జర్లాండ్ ఇంజనీరు ఎర్న్‌స్ట్ ష్మిట్ పేరు మీద ష్మిట్ హ్యామర్ అంటారు. స్ప్రింగు దెబ్బకి ఎంత వెనక్కి ఎగిరిందో అంకె చూపిస్తుంది. మనిషి మొహం చూసి భయపడే పని లేదు. అంకె బాగుంటే స్లాబు బాగున్నట్టే. నేను ముందే అది చేయించి ఉంటే నా స్లాబు ఇవాళ నా నెత్తిమీద ఉండేది.

పాతసుత్తి

నెత్తిమీద ఉండటమే కదా ఇక్కడి సమస్య.

సరే, ఆ అంకె సంగతి. నేను చెప్పిన కార్బన్ డయాక్సైడ్ పొర కాంక్రీటు పైభాగాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. కాబట్టి పాత స్లాబు మీద ఆ మిషను అసలు ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపిస్తుంది. లోపల చువ్వకి రక్షణ పోయిన చోటే పైన అంకె బాగుంటుంది. పైగా అది చెప్పేది కాంక్రీటు గట్టిదనం గురించి, చువ్వ గురించి ఒక్క ముక్క చెప్పదు. ఇక్కడ తినేసింది చువ్వని.

చువ్వకి ఆ క్షారం రక్షణ ఉందో పోయిందో తెలియాలంటే ఫినాఫ్తలీన్ ద్రావణం చాలు. అప్పుడే పగలగొట్టిన చోట చల్లితే క్షారం ఉన్నమేర గులాబీరంగు వస్తుంది, పోయినమేర రంగు రాదు. రంగులేని పొర లోతు కొలవండి. ఈ పొర సమయానికి వర్గమూలంలా పెరుగుతుంది. పదేళ్ళలో 10 మి.మీ. దిగితే 20కి దిగడానికి నలభై ఏళ్ళు. అందుకే చువ్వ కింద కనీసం 20 మి.మీ. కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు, ఉండాలంటారు. సెంట్రింగ్ మీద చువ్వల్ని ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా పోసేసిన చోట 6, 8 మి.మీ.లే ఉంటుంది. అలాంటి స్లాబు తొందరగా పోతుంది. నాలుగ్గోడలు గారి స్లాబుకి వాళ్ళ నాన్నగారు దగ్గరుండి నీళ్ళు పట్టారు కాబట్టి నిలబడి ఉంటుంది. ఆ స్లాబుని చూసి మేడమీద గారు ధైర్యపడితే ఎలా?

నీళ్ళు ఆగితే తుప్పు ఆగుతుందన్నది సగమే నిజం. నెమ్మదిస్తుంది. అప్పటికే విడిపోయిన పెచ్చు మళ్ళీ అతుక్కోదు, ఎండకాలంలో కూడా రాలుతుంది.

నాలుగ్గోడలు

మా నాన్నని ఇందులోకి లాగకండి.

పాతసుత్తి

లాగింది మీరు. నేను మెచ్చుకున్నాను.

లెక్కలపంతులు

మేస్త్రి చెప్పిన "గీకి పూయడం" గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా బంధువుల ఇంట్లో ప్యాచ్ వేసిన రెండేళ్ళకి ఆ ప్యాచ్ అలాగే ఉంది, దాని అంచు పక్కన కొత్తగా రాలింది.

పాతసుత్తి

అది మామూలే. పాడైన చోట మాత్రమే కొత్త సిమెంటు పెడితే అదే చువ్వ మీద పక్కనున్న పాత కాంక్రీటు దగ్గర తుప్పు ఊపందుకుంటుంది. అంతవరకు ఆ తినే పని ఒకచోట జరిగేది, ఇప్పుడు పక్కకి జరిగింది. అందుకే సరిగ్గా చేయాలంటే చువ్వ వెనక వేలు దూరేంత చోటు వచ్చేదాకా చెక్కాలి. తుప్పు పట్టని చువ్వ కనిపించేదాకా పొడవునా చెక్కుకుంటూ పోవాలి. ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, చువ్వ మందం కొలవాలి. 8 మి.మీ. చువ్వ 7కి వచ్చిందంటే "ఒక్క మిల్లీమీటరే కదా" అంటారు. నిజానికి 23 శాతం ఇనుము పోయినట్టు. అలాంటిది ఒకటో రెండో అయితే పక్కన కొత్త చువ్వ కట్టొచ్చు. గదిలో సగం చువ్వలు అలా ఉన్నా, సుద్దగీతలు స్లాబు సగాన్ని మింగేసినా, గోడకి గోడకి దారం కట్టి చూస్తే మధ్యలో వంగి ఆ వంపు నెలనెలా పెరుగుతున్నా, అప్పుడు రిపేరు మాట మరిచిపోండి. నిర్ణయం మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుది. నాది కాదు, మేస్త్రిది అసలే కాదు.

మేడమీద

వివరంగా చెప్పినందుకు థాంక్స్. అంత టెన్షన్ పడాల్సింది లేదనుకుంటా, ఆ గది పెద్దగా వాడరు లెండి.

చుక్కచుక్క

"వాడం" కాదు, "వాడరు" అన్నారు. ఎవరు వాడరు?

మేడమీద

అద్దెకున్నవాళ్ళు.

చుక్కచుక్క

అదీ సంగతి.

పాతసుత్తి

ఇన్ని పోస్టులైంది, ఈ మాట ఇప్పుడా చెప్పేది? పళ్ళెమంత ముక్క పడింది మీ ఇంట్లో అనుకుని నేను చువ్వ మందాలు చెప్తున్నాను. పడింది వాళ్ళ ఇంట్లో. వాళ్ళు చెప్తే మీకు తెలిసింది. మీరసలు ఆ గదిలోకి వెళ్ళి చూశారా?

మేడమీద

ఫొటోలు పంపారు.

నాలుగ్గోడలు

అద్దె ఇల్లయితే ఏంటట? స్లాబు స్లాబే. ఓనరు అనగానే అందరికీ చేతకానివాడైపోతాడు. నా కింది పోర్షనూ అద్దెకే ఉంది. స్లాబు కొట్టాలంటే వాళ్ళని ఖాళీ చేయించాలి, అద్దె ఆగుతుంది, అప్పు మొదలవుతుంది. సుత్తి పట్టుకుని వచ్చినవాడు తన కూలి తీసుకుని పోతాడు. ఊరికే భయపెట్టి కొట్టించినందుకు వాడు నాకేమైనా తిరిగిచ్చాడా?

పాతసుత్తి

నీ బాధ నాకు అర్థం కాక కాదు. ఇప్పుడు నాది విను. పద్నాలుగేళ్ళ కింద ఒక ఓనరు నీలాగే అన్నాడు. తట్టాను, సగం గది డొల్ల. "ప్రస్తుతానికి పూసెయ్, అద్దెవాళ్ళు మారాక చూద్దాం" అన్నాడు. పూశాను. పూస్తే బయటికి ఏమీ కనపడదు, అదే దాంట్లో పెద్ద ప్రమాదం. ఏడు నెలలకి నా ప్యాచ్‌తో సహా ఊడి పిల్లాడు చదువుకునే టేబుల్ మీద పడింది. మధ్యాహ్నం పూట, వాడు స్కూల్లో ఉన్నాడు. టేబుల్ రెండు ముక్కలు. ఓనరు నాకు ఫోన్ చేసి ముందు అడిగింది గ్యారంటీ గురించి.

మంచి స్లాబు కొట్టేసి నువ్వు పోగొట్టుకున్నది నువ్వే కట్టుకున్నావు. కుళ్ళిన స్లాబు ఉంచేస్తే దాని కింద ఉండేది నువ్వు కాదు. మన గొడవ సుత్తి గురించి కాదు, మొదటి నుంచీ ఇదే.

నాలుగ్గోడలు

అలా అయితే "కొట్టేయ్" అనేవాళ్ళందరినీ నమ్మాలా?

పాతసుత్తి

నమ్మకు. నువ్వే వెళ్ళి తట్టు. ఆ గదిలో నిలబడి తట్టు.

చుక్కచుక్క

మేడమీద గారు ఎక్కడికి పోయారు?

మేడమీద (నాలుగు రోజుల తర్వాత)

ఆదివారం వెళ్ళాను. సుత్తి, సుద్ద, హెల్మెట్ తీసుకునే వెళ్ళాను. తలుపు తీసినావిడ నా చేతిలో సుద్దముక్క చూసి నవ్వింది. గదిలో మంచం లేదు. రెండు నెలల కిందే హాల్లోకి లాక్కున్నారట. కిటికీ పక్క నేల మీద పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టి పరిచారు, రాత్రిపూట ముక్క పడితే చప్పుడుకి చిన్నపిల్ల లేవకుండా. నాకు పంపిన ఫొటోల్లో ఆ దుప్పటి ఉంది. నేను చువ్వలే చూశాను.

తట్టాను. కిటికీ వైపు నుంచి మధ్యదాకా అంతా డొల్లే. ఒకచోట సుత్తి తగలగానే ముక్క నా భుజం మీదే పడింది. బయటపడ్డ చువ్వ శుభ్రం చేసి కొలిస్తే ఒకటి 7 కంటే తక్కువ, ఇంకోటి 6.5. గది ఖాళీ చేయించి కింద సపోర్టు పైపులు పెట్టించాను. మూడో పొర మానేశాను. స్ట్రక్చరల్ ఇంజనీరు గురువారం వస్తున్నారు. సుద్దగీతల ఫొటో పెడుతున్నాను.

నాలుగ్గోడలు

పైనుంచి నీళ్ళు దిగే దారి మాత్రం వెతకండి. కొత్త స్లాబు వేసినా అదే మూల కురుస్తుంది.

పాతసుత్తి

ఈ మాట నిజం. మేడమీద గారూ, ఇంజనీరు వచ్చేదాకా గీతలు చెరపకండి. ఫొటోలో తలుపు పైన మూల ఖాళీగా ఉంది. అక్కడ తట్టారా, స్టూలు అందక వదిలేశారా?

మేడమీద

అందలేదు. రేపు నిచ్చెన తీసుకెళ్తాను.